సన్నగీత అక్షరాలు: లైట్ జామెట్రిక్ ఫాంట్ గీయడం, శుభలేఖ నుంచి షాపు బోర్డు దాకా వాడడం

నగల షాపు క్యారీబ్యాగు మీద, బ్యూటీ పార్లర్ అద్దం మీద, శుభలేఖలో ఇంగ్లిషులో వేసే వధూవరుల పేర్లలో ఈ రకం అక్షరాలు కనిపిస్తుంటాయి. గీత మందం మొదలు నుంచి చివరి దాకా ఒకటే. ఇంగ్లిషు ‘ఓ’ నిండు సున్నలా, ‘ఈ’ సన్నటి దువ్వెనలా ఉంటాయి. అక్షరాల కాళ్లకు పాదాలు ఉండవు.

ఈ జాతి 1920ల చివర్లో స్థిరపడింది. పాల్ రెన్నర్ గీసిన ఫ్యూచురా 1927లో జర్మనీలో అచ్చు అక్షరాలు పోతపోసే బాయర్ ఫౌండ్రీ నుంచి వచ్చింది. అదే కాలంలో రుడాల్ఫ్ కోఖ్ కాబెల్ గీశాడు. 1929 నాటి బెర్న్‌హార్డ్ ఫ్యాషన్ మాత్రం అలంకారానికే పుట్టింది: వెంట్రుకలాంటి గీత, చిన్న పొట్టలు, పొడుగు కొమ్ములు. ఇప్పుడు ఉచితంగా దొరికే వాటిలో పొయిరెట్ వన్, జోసెఫిన్ సాన్స్ లైట్, రేల్‌వే థిన్ ఈ తోవలోవే. సొంతంగా గీయాలన్నా, ఉన్నవాటిని సరిగ్గా వాడాలన్నా కొలతలు ఒకటే కాబట్టి రెండూ కలిపే చెబుతున్నాం. కింద వచ్చే అక్షరాల పేర్లు, వేరే చెప్పకపోతే, ఇంగ్లిషు క్యాపిటల్స్‌వి.

ముందు గీత మందం

ఫాంట్ లోపల కొలతలన్నీ యూనిట్లలో ఉంటాయి. అక్షరం కూర్చునే గడి ఎత్తు సాధారణంగా 1000 యూనిట్లు. మీరు 24 పాయింట్ల సైజు పెడితే ఆ 1000 యూనిట్లు 24 పాయింట్లవుతాయి. పాయింటు అంటే 0.353 మి.మీ.

గీత మందాన్ని 28 యూనిట్లుగా పెట్టుకుంటే ఒక సుళువుంది. సైజును వందతో భాగిస్తే కాగితం మీద గీత ఎన్ని మిల్లీమీటర్లో దాదాపుగా తెలిసిపోతుంది. 12 పాయింట్లలో 0.12 మి.మీ., 36లో 0.36 మి.మీ. ఇప్పుడు ముద్రణ హద్దులు చూడండి. ఆఫ్‌సెట్ ముద్రణలో తెల్ల కాగితం మీద ఒంటి నల్ల రంగుతో 0.1 మి.మీ. గీత నిలుస్తుంది. ముదురు రంగులో తెల్లగా వదిలే (రివర్స్) అక్షరాలకైతే 0.2 మి.మీ. కావాలి, ఎందుకంటే చుట్టూ ఉన్న సిరా పాకి గీతను మింగేస్తుంది. గోల్డ్ ఫాయిల్‌కు 0.3 మి.మీ. కంటే తక్కువైతే అక్కడక్కడా తెగుతుంది. అంటే ఈ ఫాంటును మామూలు ముద్రణలో 10 పాయింట్లు, రివర్స్‌లో 20, ఫాయిల్‌లో 30 కంటే చిన్నగా వాడకూడదు. ఇవి నున్నటి కాగితానికి. గరుకు టెక్స్చర్ బోర్డు మీదైతే ఇంకో మూడో వంతు కలుపుకోండి.

స్క్రీన్ మీద లెక్క వేరు. 1000ని 28తో భాగిస్తే 36 దగ్గరకొస్తుంది. పాత మానిటర్‌లో 36 పిక్సెళ్ల కంటే సైజు తగ్గితే గీత ఒక పిక్సెల్ కూడా ఉండదు. దాంతో నలుపు బూడిదై, అక్షరం వెలిసిపోయినట్టుంటుంది. ఫోన్ల స్క్రీన్లు దట్టంగా ఉంటాయి కాబట్టి అక్కడ బాగానే కనిపించి మోసం చేస్తుంది. డిజైన్ ఫోన్‌లో చూసి ఓకే చెప్పేవాళ్లకు ఒకసారి ఆఫీసు మానిటర్‌లో కూడా చూపించండి.

వాడకం ఎక్కువగా చిన్న సైజుల్లోనే అయితే 28 వద్దు, 40 దాకా వెళ్లండి. పోస్టర్లకే అయితే 20 చాలు. ఈ నిర్ణయం అక్షరాలు గీశాక మార్చడం కష్టం, అందుకే ఇది మొదటే తేలాలి.

ఎముకలు గీసి, ఆపైన కండ పట్టించడం

బేస్‌లైన్ (అక్షరాలు నిలబడే గీత) 0, క్యాపిటల్ ఎత్తు 700, చిన్నక్షరాల ఎత్తు 400, పై కొమ్ములు 760, కింది తోకలు మైనస్ 220. చిన్నక్షరాలను ఇంత పొట్టిగా పెట్టడం వల్లే 1920ల రూపం వస్తుంది. 500 పెడితే ఇప్పటి మొబైల్ యాప్ ఫాంటులా తయారవుతుంది.

అక్షరాల నడిమి గీతలు మాత్రమే ముందు గీయండి, మందం లేకుండా. ఫాంట్లు తయారుచేసే ఫాంట్‌ఫోర్జ్‌లో ఎక్స్‌పాండ్ స్ట్రోక్‌తోగానీ, బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్‌లో స్ట్రోక్ టు పాత్‌తోగానీ తర్వాత మందం ఇవ్వవచ్చు. మందం ఇచ్చే ముందు ఆ ఎముకల ఫైలును విడిగా దాచండి. బోర్డుల దగ్గర దాని అవసరం పడుతుంది.

‘ఓ’తో మొదలుపెట్టండి, మిగతా సగం అక్షరాలకు అదే మూలం. వృత్తం కదా అని 700 వ్యాసంతో గీస్తే ‘హెచ్’ పక్కన పొట్టిగా కనిపిస్తుంది. గుండ్రం పైగీతను ఒక్క బిందువు దగ్గరే తాకుతుంది కాబట్టి కన్ను దాన్ని తక్కువగా లెక్కేస్తుంది. అందుకే పైన 12, కింద 12 యూనిట్లు బయటికి పోనివ్వాలి: ఎత్తు 724. అచ్చమైన వృత్తం కంటికి కాస్త అడ్డంగా సాగినట్టుంటుంది కాబట్టి వెడల్పు 716 దగ్గర ఆపండి. నోడ్లు (గీతను పట్టి ఉంచే బిందువులు) నాలుగే: పైన, కింద, ఎడమ, కుడి. హ్యాండిల్ (నోడ్ నుంచి బయటికి చాచి, వంపును తిప్పే పుల్ల) పొడవు వ్యాసార్ధానికి 0.5523 రెట్లు. నిలువు హ్యాండిళ్లకు 362 వ్యాసార్ధంతో 200 వస్తుంది, అడ్డం హ్యాండిళ్లకు 358తో 198. ఇది బయటి అంచు లెక్క. మీరు ముందు గీసేది నడిమి గీత గనక ఎత్తు, వెడల్పు రెండింట్లోంచీ 28 తీసేసి గీయండి, హ్యాండిళ్లూ ఆ మేరకు తగ్గుతాయి. మందం ఇచ్చాక లోపల నాలుగు, బయట నాలుగు, మొత్తం ఎనిమిది నోడ్లుండాలి. సాఫ్ట్‌వేర్ ఇరవై నోడ్లు పోసి ఉంటే అదనపువి తీసేసి, ఫాంట్‌ఫోర్జ్‌లోని యాడ్ ఎక్స్‌ట్రీమా, రిమూవ్ ఓవర్‌ల్యాప్, కరెక్ట్ డైరెక్షన్ కమాండ్లు వరసగా నడపండి. డైరెక్షన్ తప్పితే ‘ఓ’ మధ్య భాగం నల్లగా నిండిపోతుంది.

అడ్డగీతలు నిలువు గీతలంత మందంగా ఉంటే కంటికి ఇంకా మందంగా కనిపిస్తాయి. నిలువు 28 అయితే అడ్డం 25 చేయండి. మూడు యూనిట్ల తేడాకు ఇంత పట్టింపా అనిపిస్తుంది గానీ, 28లో మూడంటే పదో వంతు.

‘ఏ’ మొన దగ్గర చాలామంది తడబడతారు. ఎముకను సరిగ్గా 700 దాకా గీసి మందం ఇస్తే మొన పైకి పొడుచుకొస్తుంది. మొన కోణం 40 డిగ్రీలైతే అది నడిమి గీత కంటే 41 యూనిట్లు పైకి పోతుంది, అంటే 741. మొనకు 14 యూనిట్ల మినహాయింపు సరిపోతుంది కాబట్టి ఎముక 673 దగ్గరే ఆగాలి. ‘డబ్ల్యూ’లో కోణం 25 డిగ్రీలైతే మొన 65 యూనిట్లు పొడుచుకొస్తుంది. అక్కడ మొనను అడ్డంగా 30 యూనిట్ల వెడల్పున కోసేయడం మేలు. కోస్తే ‘ఏ’, ‘వీ’, ‘ఎం’, ‘ఎన్’ అన్నింటినీ కోయాలి.

వెడల్పులు అన్నింటికీ సమానంగా పెట్టకండి. ఫ్యూచురా క్యాపిటల్స్‌కు అందం పాత రోమన్ శిలాశాసనాల పాళ్ల నుంచి వచ్చింది: ‘ఓ’, ‘సీ’, ‘జీ’, ‘క్యూ’ విశాలం, ‘ఈ’, ‘ఎఫ్’, ‘ఎల్’, ‘ఎస్’, ‘బీ’ అందులో సగానికి అటూఇటూ. మన కొలతల్లో ‘ఓ’ 716 అయితే ‘ఈ’ 300, ‘ఎల్’ 290, ‘ఆర్’ 350, ‘హెచ్’ 500. ఈ హెచ్చుతగ్గులు లేకపోతే అక్షరాలు ఇనుప కడ్డీతో వంచినట్టే ఉంటాయి.

అలంకారం ఎక్కడ పెట్టాలి? నడుము దగ్గర. ‘ఏ’, ‘ఈ’, ‘ఎఫ్’, ‘హెచ్’, ‘ఆర్’ అడ్డగీతలను మామూలుగా ఉండే 350 నుంచి కిందికి 230కి దించితే ఒక అందం, పైకి 470కి ఎత్తితే ఇంకో అందం. ఎత్తితే ‘ఆర్’ కాలు పొడుగై నాజూకుగా వస్తుంది, పెళ్లి పనులకు మాకు అదే నచ్చుతుంది. ఒకే ఫాంటులో ‘ఏ’ నడుము కిందా, ‘ఈ’ నడుము పైనా ఉంటే మాత్రం ఎవరో రెండు ఫాంట్లు కలిపేశారనిపిస్తుంది. రెండూ కావాలంటే ఒకదాన్ని స్టైలిస్టిక్ సెట్‌లో (ఫాంటులోనే ఉండే ప్రత్యామ్నాయ రూపాల గుంపులో) పెట్టి, వాడేవాళ్లకు వదిలేయండి.

‘ఎస్’ అన్నిటికంటే మొండిది. పై వంపును కింది వంపు కంటే 8 నుంచి 10 శాతం చిన్నగా గీయండి. రెండూ సమానంగా ఉంటే తల బరువైపోయి ముందుకు పడిపోతున్నట్టుంటుంది. తేడా ఎక్కువైందేమోనని అనుమానం వస్తే అక్షరాన్ని తలకిందులు చేసి చూడండి.

చిన్నక్షరాల్లో ‘బి’, ‘డి’, ‘పి’, ‘క్యు’ నాలుగూ వృత్తానికి కర్ర జోడించినవే. కర్ర పక్కన వృత్తాన్ని ఆనించి వదిలేస్తే అతుకు దగ్గర 28కి 28 కలిసి 56 యూనిట్ల నల్ల మచ్చ పడుతుంది. వృత్తం అంచు కర్ర బయటి అంచుతో కలిసిపోయేంతగా లోపలికి తోయండి. ‘ఐ’ మీది చుక్కకు గీతంత మందం చాలదు, 50 యూనిట్లుండాలి, లేకపోతే ముద్రణలో దుమ్ము రేణువులా ఉంటుంది.

లావణ్య అనే పేరు

సన్న ఫాంటులో అక్షరాల లోపల తెలుపు ఎక్కువ కాబట్టి, అక్షరాల మధ్య కూడా ఎక్కువ తెలుపు కావాలి. ‘హెచ్’కు రెండు పక్కలా 85, ‘ఓ’కు 45, ‘ఏ’, ‘వీ’లకు 12, చిన్న ‘ఎన్’కు 65, చిన్న ‘ఓ’కు 40, పదాల మధ్య 260తో మొదలుపెట్టండి. రెండు హెచ్‌లు, ఓ, హెచ్, రెండు ఓలు వరసగా టైపు చేసి, ఒకే లయ కనిపించే దాకా అంకెలు సర్దండి. ఇది కుదరకముందే కెర్నింగ్‌లోకి, అంటే ఒక్కో జత మధ్య దూరం విడిగా సర్దడంలోకి, దిగితే ఆ పనికి అంతుండదు.

కెర్నింగ్ పరీక్షకు మన పేర్లలో లావణ్యను మించినది లేదు. ఇంగ్లిషు క్యాపిటల్స్‌లో రాస్తే ఎల్, ఏ, వీ, ఏ, ఎన్, వై, ఏ: ఏడు అక్షరాల్లో ఐదు ఏటవాలువి. ‘ఏ’కు ‘వీ’కి మధ్య మైనస్ 90, ‘వీ’కి ‘ఏ’కి అంతే, ‘ఎన్’కు ‘వై’కి మైనస్ 20, ‘వై’కి ‘ఏ’కి మైనస్ 80. మొదట్లోని ‘ఎల్’, ‘ఏ’ల జత దగ్గరే చిక్కు. ‘ఎల్’ పైన ఖాళీ, ‘ఏ’ పైన ఖాళీ, రెండూ కలిసి పెద్ద గొయ్యి అవుతుంది. దగ్గరికి లాగుదామంటే కింద పాదాలు గుద్దుకుంటాయి. దగ్గరికి లాగలేని జత ఒకటున్నప్పుడు మిగతావాటిని దూరం జరపడమే దారి. పేరు మొత్తానికి ట్రాకింగ్ (అన్ని అక్షరాల మధ్యా సమానంగా పెంచే దూరం) 100 ఇచ్చి, ‘ఏ’, ‘వీ’ల మధ్య మైనస్ 90ని మైనస్ 50కి తగ్గించండి. ఫాంట్ మీదే అయితే ‘ఎల్’ అడుగు గీతను 290 నుంచి 220కి కుదించిన ఇంకో రూపం కూడా గీసి పెట్టండి. ఇలా జత కోసం రూపాలు గీయడం పాత పనే: 1970లో వచ్చిన అవాంట్ గార్డ్ గాథిక్‌లో ‘ఏ’, ‘వీ’ లాంటి జతలకు వాలుగా ఒకదానిలో ఒకటి ఒదిగే రూపాలు బోలెడున్నాయి.

అంకెలు, రూపాయి గుర్తు

అలంకారం లేని ఫాంటులో అంకె ఒకటి, క్యాపిటల్ ‘ఐ’, చిన్న ‘ఎల్’ మూడూ ఒకే కర్ర. సున్నకు, ‘ఓ’కు తేడా తెలియదు. పేరుకు ఫర్వాలేదు, ఫోన్ నంబరుకు, ఫ్లాట్ నంబరుకు ప్రమాదమే. ఒకటికి పైన ఎడమకు వాలే 120 యూనిట్ల చిన్న గీత (జెండా), చిన్న ‘ఎల్’కు చివర వంపు ఇచ్చి, సున్నను 420 వెడల్పుకు కుదించండి. అంకెలన్నింటి వెడల్పూ సమానంగా ఉండే సెట్ ఒకటి విడిగా పెడితే ధరల పట్టికలకు పనికొస్తుంది.

రేల్‌వే వాడేవాళ్లు ఇంకోటి గమనించాలి. అందులో మామూలుగా వచ్చేవి పాతకాలపు అంకెలు: 3, 4, 5, 7, 9 బేస్‌లైన్ కిందికి దిగుతాయి. ముహూర్తం తేదీ ఎగుడుదిగుడుగా పడిందని ఫాంటును తిట్టుకోనక్కర్లేదు, సాఫ్ట్‌వేర్‌లోని ఓపెన్‌టైప్ ప్యానెల్‌లో లైనింగ్ అంకెలు (అన్నీ ఒకే ఎత్తులో ఉండేవి) ఎంచుకుంటే సరిపోతుంది.

రూపాయి గుర్తు 2010లో వచ్చింది. అంతకు ముందువి, విదేశీ ఫాంట్లు చాలావాటిలో అది లేదు. లేనప్పుడు సాఫ్ట్‌వేర్ వేరే ఫాంటు నుంచి తెచ్చి పెడుతుంది, సన్నటి అంకెల ముందు లావుపాటి గుర్తు నిలబడుతుంది. మెనూ కార్డు మొదలుపెట్టే ముందే అది టైపు చేసి చూడండి.

ప్రెస్సుకు పంపేటప్పుడు

నలుపు ఒంటి నలుపే కావాలి: సయాన్, మెజెంటా, ఎల్లో సున్నలు, బ్లాక్ 100. ఆర్‌జీబీ (స్క్రీన్ రంగుల) నలుపును అలాగే పంపితే నాలుగు రంగులుగా విడిపోతుంది. నాలుగు ప్లేట్లలో ఒకటి వెంట్రుకవాసి జరిగినా 0.15 మి.మీ. గీత పక్కన రంగు నీడ పడుతుంది. ఇదే కారణంగా ఈ అక్షరాలకు మెరూన్, ఆకుపచ్చ లాంటి కలగలుపు రంగులు వద్దు. ఆ రంగే కావాలంటే స్పాట్ కలర్ (ముందే కలిపి ఒకే ప్లేటుతో వేసే సిరా) అడగండి.

బోల్డ్ బటన్ నొక్కకండి. పొయిరెట్ వన్‌లో ఉన్నది ఒకే బరువు (గీత మందం). బోల్డ్ నొక్కితే సాఫ్ట్‌వేర్ అంచులు ఉబ్బించి నకిలీ బోల్డ్ తయారుచేస్తుంది, మూలలు మొద్దుబారతాయి. ఫాయిల్‌కు గీత చాలడం లేదంటే కర్వ్స్ చేశాక (అక్షరాలను గీతల బొమ్మగా మార్చాక) అదే రంగుతో 0.25 పాయింట్ల ఔట్‌లైన్ ఇవ్వండి, గీత సరిగ్గా అంతే పెరుగుతుంది. అసలు గీత మందంలో మూడో వంతుకు మించి మాత్రం పెంచవద్దు. అంతకంటే కావాలంటే ఆ పనికి ఆ ఫాంట్ సరిపోదనే అర్థం.

బోర్డులకు

మన ఫాంటులో గీత మందం క్యాపిటల్ ఎత్తులో 4 శాతం. బోర్డు లెక్కలన్నీ ఈ ఒక్క అంకెతో తేలిపోతాయి. అక్రిలిక్‌ను లేజర్‌తో కోసి అంటించే అక్షరాలకు గీత కనీసం 5 మి.మీ. ఉంటేనే బిగించేటప్పుడు విరగదు, అంటే అక్షరం ఎత్తు 125 మి.మీ., సుమారు అయిదు అంగుళాలు. లోపల ఎల్ఈడీ పెట్టే డబ్బా అక్షరాలకు 25 మి.మీ. గీత కావాలంటే ఎత్తు రెండడుగులు దాటుతుంది, మామూలు షాపు ముందు అది కుదిరే పని కాదు. షీటులో రంధ్రంగా కోసి వెనక లైటు వేస్తామంటే ‘ఓ’, ‘ఏ’, ‘ఆర్’ మధ్య ముక్కలు రాలిపోతాయి, 4 మి.మీ. వంతెనలు రెండేసి వదలాలి.

నియాన్ ఫ్లెక్స్‌కు (లోపల ఎల్ఈడీలున్న, వంగే ట్యూబుకు) మాత్రం ఇది పుట్టింటి శైలి. 8 మి.మీ. ట్యూబుకు 200 మి.మీ. ఎత్తు అక్షరం అతికినట్టు సరిపోతుంది. అప్పుడు ఫాంట్ ఔట్‌లైన్ పంపకండి, దానికి రెండు అంచులుంటాయి, ట్యూబు వంచే కుర్రవాడు రెండు గీతలు చూసి తికమక పడతాడు. మొదట దాచిన ఎముకల ఫైలు పంపండి. ట్యూబు మొన దగ్గర మడత తిరగదు. ‘ఏ’, ‘వీ’ మొనలను గుండ్రం చేయాలి, లేదా ట్యూబు మీది కట్ మార్కు దగ్గర రెండు ముక్కలు చేసి వెనక వైరుతో కలపాలి.

పక్కన తెలుగు ఉంటే

‘లైట్’ అనే పేరు కొలత కాదు. ఒక ఫాంటు లైట్ ఇంకో ఫాంటు రెగ్యులర్ అంత ఉండవచ్చు. రెండింటినీ పక్కపక్కన పెట్టి, బాగా జూమ్ చేసి, గీత మందాలు కొలవండి. నోటో సాన్స్ తెలుగు, అనేక్ తెలుగు థిన్ నుంచి మొదలవుతాయి, మధ్య బరువులు కూడా దొరుకుతాయి కాబట్టి గీతకు గీత కలపడం సులువు. హింద్ గుంటూరు లైట్ నుంచే మొదలవుతుంది, కాబట్టి అది కొంచెం నిండు గీతల ఇంగ్లిషు పక్కన బాగుంటుంది. తలకట్టుతో సహా ‘ద’ ఎత్తు ఇంగ్లిషు క్యాపిటల్ ఎత్తులో 80 నుంచి 85 శాతం దగ్గర ఉంటే రెండూ ఒక ఈడువాళ్లలా కనిపిస్తాయి. గీత కలపకూడదనుకుంటే పూర్తిగా విడగొట్టండి: రామభద్ర లాంటి లావుపాటి తెలుగు, కింద సన్నటి ఇంగ్లిషు. కొంచెం తేడా ఉంటే పొరపాటులా కనిపిస్తుంది.

ఇంగ్లిషుకు ఇచ్చిన ట్రాకింగ్‌ను తెలుగుకు ఇవ్వకండి. అను లాంటి పాత పద్ధతి ఫాంట్లలో అక్షరం ముక్కలుగా పేరుస్తారు, ట్రాకింగ్ ఇస్తే తలకట్టు ఒకచోట, ఒళ్లు ఒకచోట పడతాయి. యూనికోడ్‌లో విడిపోకపోయినా, పక్కకు చాచిన వత్తు ఏ అక్షరానిదో తెలియకుండా పోతుంది. 0 నుంచి 20 దాకా చాలు.

తెలుగునే ఇదే తీరులో గీయాలనుకునేవాళ్లకు మన లిపిలో గుండ్రాలు బోలెడున్నాయి గానీ, ఆ గుండ్రాలను పట్టుకుని అక్షరాన్ని మరీ తేలిక చేస్తే చదవడం కష్టం. ‘ద’కు ‘ధ’కు, ‘ప’కు ‘ఫ’కు, ‘డ’కు ‘ఢ’కు తేడా అంతా అడుగున ఉన్న చిన్న గీతలోనే ఉంది. దానికి 90 యూనిట్ల పొడవైనా ఇవ్వండి. ‘థ’, ‘ఠ’ లోపలి చుక్క 55 యూనిట్లకు తగ్గకూడదు. తలకట్టును రెండు తిన్నని గీతలుగా గీసి, అన్ని అక్షరాల్లో ఒకే కోణంలో ఉంచండి, కోణం మారితే వరుస మొత్తం గాలికి ఊగినట్టుంటుంది. ఇంగ్లిషుకు వందన్నర గ్లిఫ్‌లతో (విడిగా గీసే రూపాలతో) గడిచిపోతుంది గానీ, గుడులు, కొమ్ములు, వత్తులు కలిసిన తెలుగు వందల్లో ఉంటుంది. అందుకని ముందు ‘ద’, ‘ర’, ‘ప’, ‘క’ నాలుగూ తేల్చుకుని తక్కినవాటిలోకి వెళ్లండి.

పరీక్షకు స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న, లక్ష్మి రాయండి. లక్ష్మి లేని శుభలేఖ అరుదు, ఆ కింది వత్తు తర్వాతి వరసలోని గుడికి తగులుతుందేమో అక్కడే తెలుస్తుంది. వరసల మధ్య దూరం అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లతో మొదలుపెట్టి, వత్తు గుడికి తగలనంత వరకే తగ్గించండి.